ఎడమ వైపు ఉలి గాట్లు

మావారు చేసిన విమానానికి ముక్కు లేదు. రెక్కలున్నాయి, తోక ఉంది, మూడు చక్రాలున్నాయి. ఇస్త్రీపెట్టెతో జాగ్రత్తగా అతికించిన పసుపుపచ్చ పొర ఒంటినిండా ఉంది. ముందు భాగంలో మాత్రం పిడికిలంత ఇంజను బోడిగా బయటికి కనిపించేది. మా ముందుగదిలో దూలానికి రెండు తాళ్ళతో వేలాడేది ఆ విమానం. వీధి గుమ్మంలోంచి ఎవరు వచ్చినా మొదట చూసేది ఆ ఇంజనునే.

ఆయన నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలవలూ లాకులూ తూములూ గీశారు. గీసింది ఆయన, కట్టింది వేరేవాళ్ళు. రిటైరయ్యాక, తను గీసినది తనే కట్టాలని విమానం మొదలుపెట్టారు. రెక్కల కొస నుంచి కొసకు ఐదడుగులు. రేడియోతో నడిపేది, నిజంగా ఎగిరేది. ఇంజను మద్రాసు నుంచి తెప్పించారు. దానికి మిథనాల్లో ఆముదం కలిపి పోస్తారు. మొదటిసారి పెరట్లో ఇంజను నడిపిన రోజున వీధంతా ఆముదం కాగిన వాసన వచ్చింది. ఎవరింట్లో పురుడు వచ్చిందని పక్కింటావిడ వచ్చి అడిగింది.

నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశాను. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆయన వెనకగదిలో పనిచేసుకుంటూ ఉండేవారు, నేను వంటింట్లో ఉండేదాన్ని. మధ్యలో గోడ. గోడ అవతల నుంచి కేక వచ్చేది.

"టీచరుగారూ! నూట ఎనిమిదిలో మూడో వంతెంత?"

"ముప్ఫై ఆరు!"

"అంత తొందరగా చెప్తే అనుమానంగా ఉంటుందండీ!"

"అయితే కాగితం మీద చేసుకోండి!"

ఆయనకు లెక్కలు రాక కాదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు వేసిన మనిషి. అయినా అడిగేవారు, నేను చెప్పేదాన్ని. పెద్దగా అరవాల్సి వచ్చేది. పోపు చిటపటల మీదుగా గొంతు అవతలికి చేరాలి కదా.

పుష్కరాలు అయిన ఏడాది కార్తీకంలో, ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కారు. మళ్ళీ లేవలేదు. అప్పటికి విమానంలో మిగిలిన పని ఒక్కటే. కౌలింగ్ అంటారు దాన్ని. ఇంజనును మూసే డొల్ల. మేము మాత్రం ముక్కు అనేవాళ్ళం. ముందునుంచి గాలి లోపలికి వచ్చి, ఇంజనును చల్లబరచి, కిందినుంచి బయటికి పోవాలి. లోపలికి వచ్చే దారికంటే బయటికి పోయే దారి పెద్దదిగా ఉండాలని ఆయన నాకు భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పారు. "వేడెక్కిన గాలి లావెక్కుతుంది. వచ్చిన గుమ్మంలోంచి పోలేదు" అనేవారు.

ఆ ముక్కుకు అచ్చు చెక్కడం సగంలో ఉండగానే పోయారు. బొమ్మలు చెక్కే మెత్తని పొణికి చెక్క దుంగ, రెండు పిడికిళ్ళ పరిమాణం. దాని ఎడమ వైపు పూర్తిగా చెక్కేశారు. కుడి వైపు ఇంకా చదరంగానే ఉంది. బల్ల మీద ఆ దుంగ, పక్కన ఉలి, కింద చెక్కపేడులు. మూడు నెలలు ఆ గది ఊడవలేదు నేను.

మాఘంలో పాలిటెక్నిక్ లెక్చరరుగారు వచ్చారు. ఊళ్ళో ఇలాంటి విమానాలు ఎగరేయడం తెలిసిన మనిషి ఆయనొక్కరే. రేడియో కూడా ఆయనదే. వేసవిలో గోదావరి మధ్యలో తేలే ఇసుక తిన్నె మీద మావారి విమానాన్ని ఎగరేద్దామని వాళ్ళిద్దరూ ఎప్పుడో అనుకున్నారు.

"జూన్లో నాకు అనంతపురం బదిలీ అండీ మేడమ్. ఈ వేసవి దాటితే కుదరదు. మీరు సరే అంటే ఎగరేసి, మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తాను."

"ముక్కు లేదు కదండీ."

"లేకపోయినా ఎగురుతుందండీ. గాలికేం తెలుసు?"

"ఆయన గీసిన బొమ్మలో ఉంది."

లెక్చరరుగారు దూలం వైపు చూశారు. "పోనీ, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, వేడి చూపిస్తే అదే వంగి కూర్చుంటుందండీ. నేను చాలాసార్లు చేశాను. అరగంట పని."

"ఆ సీసా మీ విమానానికి పెట్టుకోండి."

ఆయన నవ్వేశారు. "సరేనండీ. మే నెలాఖరు ఆదివారం. అప్పటికి ముక్కుంటే ముక్కుతో, లేకపోతే లేకుండా."

లేకుండా ఎగరనివ్వనని నేను పైకి అనలేదు. మనసులో మాత్రం అనుకున్నాను. మావారి బొమ్మలో ఉన్నది ఉన్నట్టు ఎగరాలి, లేకపోతే దూలానికే ఉండాలి. ఎగిరే అవకాశం ఆ ఒక్క వేసవే.

మర్నాడు వెనకగది ఊడ్చి, బల్ల ముందు కూర్చున్నాను. నాకు ఉలి పట్టడం రాదు. కొలవడం వచ్చు. కేలండరు అట్టలు కత్తిరించి, సెంటీమీటరుకొకటి చొప్పున అచ్చు ఎడమ వైపు వంపును అట్టల్లోకి తీసుకున్నాను. అట్ట తిరగేస్తే అదే కుడి వైపు వంపు. ఆ వంపు కుదిరేదాకా చెక్కను తగ్గించుకుంటూ రావాలి. ఉలితో రెండు దెబ్బలు వేసి చూసి, మానేశాను. ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ అరగదీయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చునేదాన్ని, కిటికీలో వెలుగు తగ్గాక లేచేదాన్ని. అట్టను చెక్కకు ఆనించి కిటికీకేసి పట్టి చూస్తే, మధ్యలోంచి వెలుగు గీతలా కనిపిస్తుంది. వెలుగు కనిపించినచోట చెక్క ఎక్కువ తగ్గిందన్నమాట. అప్పుడు మిగతా చోట్ల కూడా ఆ మేరకు తగ్గించాలి. అలా తగ్గిస్తూ పోతే ముక్కంతా సన్నబడిపోతుంది గనక, మొదటినుంచే అర మిల్లీమీటరు అదనంగా ఉంచుకుని అరగదీశాను.

ఆ గదిలో ఒక్కదాన్నీ కూర్చుంటే ఉప్పుకాగితం చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. లెక్క ఏదైనా తగిలితే నేనే వేసుకుని, నేనే చూసుకునేదాన్ని. రెండోసారి సరిచూడటానికి ఇంకో మనిషి లేడు. అందుకని కాగితం తిరగేసి మళ్ళీ మొదటినుంచీ వేసేదాన్ని. ముందు వేసింది చూడకుండా.

ఉగాదికి అచ్చు అయింది. దూరంనుంచి చూస్తే రెండు వైపులూ ఒకటే. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఎడమ వైపు చిన్న చిన్న ఉలి గాట్లు, చేప పొలుసుల్లా. కుడి వైపు నున్నగా, ఏమీ లేకుండా.

అచ్చు మీద డొల్ల వేయడం నాకు తెలుసనుకున్నాను. మా అమ్మ చేటలకీ బుట్టలకీ కాగితం గుజ్జు అలికేది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, బోర్లించిన కుండకు ఆముదం రాసి, దాని మీద గుజ్జు వేసేది. ఎండాక కుండ తీసేస్తే బుట్ట వచ్చేది. అలాంటి బుట్టలు మా ఇంట్లో పప్పులు పోసుకోవడానికి ఏళ్ళతరబడి ఉన్నాయి. నేనూ అలాగే చేశాను. అచ్చుకు ఆముదం పట్టించి, మెత్తగా రుబ్బిన గుజ్జు మూడు పూతలు వేసి, నీడలో ఎండబెట్టాను. చక్కగా ఊడి వచ్చింది. తేలిగ్గా, గట్టిగా, గోటితో కొడితే టంగుమనేలా ఉంది. విమానానికి పెట్టి చూస్తే చుట్టూ సరిగ్గా కూర్చుంది. ఆ రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ సహించాయి.

వారం తిరక్కుండానే ఎలుకలు తినేశాయి. మెంతుల వాసన వాటికి తెలిసినంత బాగా నాకు తెలియలేదు. ముందువైపు సగం కొరికి, మిగతాది బల్ల కింద తురుములా పోశాయి.

లెక్చరరుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఎలుకలు తిన్నాయంటే పాకం బాగా కుదిరిందన్నమాటండీ" అన్నారు. నేను నవ్వలేదని తెలిసి గొంతు మార్చారు. "తినకపోయినా నిలిచేది కాదండీ. ఆ మిథనాలూ నూనే పీల్చి మెత్తబడిపోయేది. ఫైబర్ అయితేనే మంచిది. ఉప్పాడలో పడవలకు వేస్తారు చూడండి, అది. నన్ను తీసుకెళ్ళమంటారా?"

"నేను వెళ్ళొస్తానండీ."

మే నెలాఖరు దగ్గర పడ్డాక, అచ్చును తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని, పిఠాపురం దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. బయల్దేరేముందు ఒక పని చేశాను. అచ్చుకు మళ్ళీ ఒకసారి ఆముదం బాగా పట్టించాను. డొల్ల ఊడి రావాలంటే నూనె రాయాలి. చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతి. ఎవరినీ అడగాలని కూడా తోచలేదు.

ఉప్పాడలో సముద్రం రోడ్డును సగం తినేసి ఉంది. తాటాకుల షెడ్డు కింద ఒకతను బోర్లించిన పడవకు అతుకులు వేస్తున్నాడు. అతని భార్య డబ్బాలో ఏదో కలుపుతోంది.

"ఏంటమ్మగారూ ఇది? కూజా మూతా?"

"విమానం ముక్కు."

అతను అచ్చును అటూ ఇటూ తిప్పి భార్యకు చూపించాడు. "చూశావటే, మన పేరు ఎంతదాకా ఎళ్ళిందో! రేపట్నించి రాకెట్లు కూడా చేద్దాం."

"ముందు మా అన్న పడవకి ఆ కంత పూడ్చు. రాకెట్లు తర్వాత" అంది ఆవిడ తలెత్తకుండా.

నేను మందం చెప్పాను. ఒకటే పొర, ఒక మిల్లీమీటరు.

"మిల్లీమీటరా! అంత పల్చగా ఏస్తే కెరటం కొట్టగానే పోద్దండి."

"దీనికి కెరటం తగలదయ్యా, గాలి తగులుతుంది."

"ఇక్కడి గాలి మాత్రం తక్కువదా అండి? పోయినేడు ఈ షెడ్డు అదుగో, అక్కడుండేది" అని నీళ్ళలోకి చూపించాడు.

జిగురు అంటుకోకుండా అచ్చుకు పాలిష్ మైనం రుద్ది, గాజుపీచు గుడ్డ పరిచి, జిగురు పూశాడు. ఎండకు నేను షెడ్డు వెనక నీడలోకి వెళ్ళి కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి రెండో పొర కూడా వేసేశాడు. అడిగితే, "చెయ్యి ఊరుకోలేదండి. ఒక్క పొర ఏసి ఒదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

ఆరడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆరాక అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. చెక్క సుత్తితో చుట్టూ తట్టాడు. వేడినీళ్ళు పోశాడు. రాలేదు. అచ్చు అడుగున వేలు పెట్టి రుద్ది, వాసన చూసుకున్నాడు.

"ఆముదం రాశారా అమ్మగారూ?"

"రాశాను. ఊడి రావడానికి."

"అయ్యో. నూనె మీద మైనం నిలవదు కదండి. జారిపోయి ఉంటది. జిగురు సరాసరి చెక్కలోకి పట్టేసింది."

"ఏసేటప్పుడు జిడ్డు తగల్లేదా నీకు?" అంది భార్య.

"నా చేతులకెప్పుడూ జిడ్డేగా!"

అతను అంచు చుట్టూ గోటితో గీరి చూశాడు. చివరికి అతనే అన్నాడు. "రెండిట్లో ఒకటే దక్కుద్దండి. పీచు చీల్చేస్తే చెక్క మిగులుద్ది, పైపైన గీతలు పడతాయి. చెక్కని లోపల్నించి తొలిచేస్తే పీచు మిగులుద్ది. మీరు ఏదంటే అది."

చెక్క దక్కితే మళ్ళీ ఇంకోటి వేయించవచ్చు. కానీ గీతలు పూడ్చి, ఆ నూనె అంతా వదిలించి, మళ్ళీ అట్టలతో సరిచూసి, మళ్ళీ ఇక్కడికి రావాలి. వచ్చే ఆదివారమే ఎగరేసే రోజు. మా ఇంట్లో ఆయన చేత్తో చివరగా చెక్కింది ఆ సగం దుంగే. అది ఉంచుకుంటే విమానం దూలానికే ఉంటుంది. సముద్రం చప్పుడులో ఏదీ సరిగ్గా ఆలోచించలేకపోయాను. సమయం అడిగినా లాభం లేదు, ఎంత ఆలోచించినా లెక్క మారేది కాదు.

"చెక్కే తీసెయ్యి" అన్నాను.

అతను ఉలి తీసుకున్నాడు. మెత్తని చెక్క గనక పెద్దగా కష్టపడలేదు. పెచ్చులు పెచ్చులుగా ఊడి షెడ్డు ఇసుకలో పడింది. నేను అటువైపు చూడకుండా ఉండలేకపోయాను.

"పొయ్యిలోకి పనికొస్తాయి, తీసుకోమంటారా?" అని అడిగింది ఆవిడ మెల్లగా.

నేను వంగి పెచ్చులు ఏరాను. గాట్లున్నవి తువ్వాల్లో వేసుకున్నాను. నున్నగా ఉన్నవి ఆవిడకు ఇచ్చేశాను. అవి నావే.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ డొల్లను ఒళ్ళో పెట్టుకున్నాను. పైన గరుకుగా, వంకరటింకరగా, అతుకు వేసిన పడవలా ఉంది. ఊరికే లోపల చెయ్యి పెట్టాను. ఎడమ వైపు వేళ్ళకు గాట్లు తగిలాయి. జిగురు చెక్కలోకి పట్టింది కదా, ప్రతి గాటూ ఎత్తుగా, తిరగబడి, అలాగే నిలిచిపోయింది. సామర్లకోట దాటి అనపర్తి వచ్చేదాకా చెయ్యి తీయలేదు. ఎదురుగా కూర్చున్నతను, "ఏమైనా పడిపోయిందాండీ అందులో?" అని అడిగాడు.

ఇంటికొచ్చాక పైభాగాన్ని ఉప్పుకాగితంతో సానబట్టాను. ఆ పనిలో నాకు ఇప్పుడు చెయ్యి తిరిగింది. లోపలి వైపు మాత్రం ముట్టుకోలేదు. ముందు గాలి కంత, కింద దానికి రెట్టింపు కంత, పొగగొట్టానికి ఒక గాడి, ఇంధనం సర్దే సూదికి ఒక బెజ్జం. ముందు అట్టతో చేసిన ముక్కు మీద కోసి చూసుకుని, సరిపోయాకే అసలుదాని మీద కోశాను. అప్పుడు దాన్ని తూకం వేయించడానికి మెయిన్‌రోడ్డులో తెలిసిన బంగారం కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టాయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇంత ముక్కుకి ముక్కెర చేయించాలంటే కొట్టంతా కరిగించాలండీ టీచరుగారూ" అన్నాడు. నూట పద్దెనిమిది గ్రాములు తూగింది.

ముక్కు డెబ్బై గ్రాములుంటుందని మావారి అంచనా. అది వచ్చేదాకా ఆ బరువుకు బదులుగా, వలలకు కట్టే సీసపు గుండ్లు డెబ్బై గ్రాములు ఇంజను పక్కన అతికించి ఉంచారు. వాటిని నేను కత్తి మొనతో ఒక్కొక్కటే ఊడదీశాను. ఊడదీయడానికే ఆయన పెట్టినా చెయ్యి తొందరగా కదల్లేదు. ఇంకా నలభై ఎనిమిది గ్రాములు ఎక్కువ. అలాగే వదిలేస్తే విమానం తలవంచుకుని పడుతుంది. లోపలున్న బేటరీని వెనక్కి జరపాలి. విమానం తూగే చోటికి ముక్కు ఇరవై ఆరు సెంటీమీటర్ల దూరం. బేటరీ బరువు నూట నాలుగు గ్రాములు.

"పన్నెండు సెంటీమీటర్లు!" అని గట్టిగా అన్నాను.

గోడ అవతల వంటింట్లో ఎవరూ లేరు. పైగా ఇప్పుడు వెనకగదిలో ఉన్నది నేను. కాగితం తిరగేసి మళ్ళీ వేశాను. పన్నెండే.

బేటరీ జరిపి, నాలుగు మరలు బిగించి, రెక్కల కింద రెండు చూపుడువేళ్ళు పెట్టి ఎత్తాను. అటూ ఇటూ కాస్త ఊగి, సమంగా నిలబడింది. ముక్కుకూ దాని ముందు తిరిగే ఫేనుకూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలని ఆయన బొమ్మ. మూడు ఉంది, పైన. కింద నాలుగు. సర్దడానికి మూడు పూటలు ప్రయత్నించి, కుదరక వదిలేశాను.

ఆదివారం తెల్లవారగానే లెక్చరరుగారు, నేను పడవలో ఇసుక తిన్నె మీదికి వెళ్ళాం. నీళ్ళ పక్కన తడి ఇసుక గట్టిగా, సిమెంటు నేలలా ఉంది. ఆయన ముక్కును వేలితో కొట్టి చూశారు.

"గట్టిగా ఉందండీ. పడవలా."

"పడవే."

ఇంజను అంటుకుంది. ఆముదం కాగిన వాసన వచ్చింది. విమానం ఇసుక మీద పరుగెత్తి, ఒకసారి ఎగిరిపడి, లేచింది. నీళ్ళ మీదుగా తిరిగి మా తలల పైకి వచ్చింది. నేను ముక్కు కోసం చూశాను. కనపడలేదు. అంత ఎత్తున రెక్కలు మాత్రమే కనిపిస్తాయి, పసుపుపచ్చని గీతలా. వేసవంతా నేను చేసింది కింద ఉన్నవాళ్ళకు కనపడదన్న సంగతి అప్పుడే తోచింది. ముక్కు ఉన్నా లేకపోయినా ఒకటే. లెక్చరరుగారు మాఘంలో చెప్పింది నిజమే.

"సరిగ్గా నిలబడిందండీ, ఏమీ సర్దక్కర్లేదు" అన్నారాయన కళ్ళు ఆకాశంలోంచి తీయకుండా. ఇంధనం అయిపోయేలోపు దించాలి గనక, గడియారం నా చేతిలో పెట్టి ఉంచారు.

"ఎంత?" అని అడిగారు.

"ఏడున్నర నిమిషాలు!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి, చేతిలో రేడియో సర్దుకున్నారు. విమానం కూడా చిన్నగా ఊగింది. "పక్కనే ఉన్నానండీ మేడమ్" అన్నారు నవ్వుతూ.

"అలవాటండీ" అన్నాను.

ఆయన రెండు చుట్లు తిప్పి మెల్లగా దించారు. విమానం ఇసుకలో కొంత దూరం దొర్లి ఆగింది. నేను నడిచి వెళ్ళేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. ముక్కు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది, కాలేంత కాదు. గాలి వచ్చిన దారిన కాకుండా, పోవలసిన దారినే పోయింది.

ఇంటికొచ్చాక మరలు విప్పి, ముక్కు ఊడదీసి, పాత గుడ్డతో లోపలి ఆముదం తుడిచాను. కుడి వైపు ఒక్కసారి తుడిస్తే పోయింది. ఎడమ వైపు గాట్ల మధ్య నూనె నిలిచిపోయింది. గుడ్డ కొసను మెలిపెట్టి ఒక్కొక్క సందులోంచి తీస్తూ కూర్చున్నాను. కిటికీలో వెలుగు తగ్గేదాకా ఆ పని ఉంది.